తీరికవేళల చదువు: రష్యను పలుకులు



“ఈ వయస్సున మీకు రష్యనుభాష యేమిటికమ్మా?” అని మా వీధిలోని యమ్మలక్కలు మమ్ము పలుమారు లడిగిరి. వారట్లడుగుట న్యాయమే. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి శబ్దమంజరి, అమరము, రఘువంశమున కొన్ని సర్గలు, భారతమున కొన్ని పర్వములు చెప్పించిరి. మావారు తెనాలిలో గణితోపాధ్యాయులు. డెబ్బది యెనిమిదేండ్ల అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఒక వంటిల్లు: ఇదియే మా లోకము. ఇట్టి లోకములోనికి రష్యనుభాష యెట్లు ప్రవేశించినదో, గురువు లేకయే మేము దానిని మాటలాడుటకు ఎంతవఱకు నేర్చితిమో, ఈ మాసమున చెప్పదలచితిమి. రష్యనే కానిండు, మఱియొక భాషయే కానిండు, ఇంటనుండి నేర్వదలచిన సోదరీమణులకు మా తప్పులును ఒప్పులును కొంత యుపకరింపవచ్చును.

మా బావగారి కుమారుడు వైద్యవిద్యకై రష్యాదేశమున వోల్గానది యొడ్డున నున్న త్వేరు నగరమునకు పోయెను. ఆరేండ్లు చదివి, తనతో చదివిన ఆ దేశపు చిన్నదానినే వివాహమాడి, అచ్చటనే యుద్యోగమున కుదిరెను. ఆ వార్త వచ్చిన నాడు మా యిండ్లలో జరిగిన రాద్ధాంతమును వ్రాయ నక్కరలేదు; తెలుగిండ్ల సంగతి చదువరు లెఱిగినదే. కాలక్రమమున కోపములు చల్లారినవి. ఒక ఆడపిల్ల పుట్టినది. ఆ పిల్లకు మాటలు వచ్చినవి, కాని వచ్చినవన్నియు రష్యను మాటలే.

ప్రతి ఆదివారము ఫోనులో పిల్ల ముఖము కనబడును. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకొని, “బంగారుతల్లీ, బువ్వ తింటివా?” అని అడుగును. పిల్ల కన్నులార్పక చూచును. ఒకనాడు ఆ పిల్ల అత్తగారు తెరమీద కనబడకుండుట చూచి, “ప్రబాబుష్క దోమా?” అనెను. ప్రక్కగదిలోనుండి వినిన అత్తగారు గాబరాపడి, “అయ్యో, పసిదానిని దోమలు కుట్టుచున్నవట! అంత చలిదేశమున దోమ లెక్కడివిరా? తెర కట్టరాదా?” అని మనుమని కేకలు వేసెను. అతడు నవ్వి, “దోమలు కావు, మామ్మా! దోమ యనగా ఇంటియందు అని. ముత్తవ్వ ఇంటనున్నదా యని అడుగుచున్నది” అని చెప్పెను. అందఱము నవ్వితిమి. నవ్వు ముగిసిన పిమ్మట అత్తగారు కొంగుతో కన్నులు తుడుచుకొని, “దాని మాట నాకు తెలియదు, నా మాట దానికి తెలియదు. ఇంక నేనెన్నాళ్ళుందును?” అనెను.

ఆ రాత్రియే మేము రష్యను నేర్వ నిశ్చయించితిమి. రాబోవు సంక్రాంతికి బిడ్డతోగూడ వచ్చెదమని బావగారి కుమారుడు వ్రాసియుండెను. అప్పటికి పది మాసముల గడువున్నది.

గురువు లేనిచో విద్య రాదని చెప్పువారు కలరు. వారికి మన తెనాలిలోనే సమాధానమున్నది. ఆలూరి వేంకట సుబ్బారావుగా పుట్టి చక్రపాణియని పేరొందిన వారు (1908–1975) ఈ యూరివారే. యౌవనమున క్షయవ్యాధి సోకి, మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో చికిత్స పొందుచుండగా, అచ్చటనే యున్న యొక వంగదేశీయుని సాయమున ఆయన వంగభాష నేర్చెను. పిమ్మట శరత్ చంద్రుని నవలలను తెనిగింపగా, చదువరులు శరత్తును తెలుగు రచయితగానే తలచి ఆదరించిరి. 1947లో వెలువడిన చందమామ పత్రికకు ప్రాణము పోసిన వారిలో ఆయన యొకరు. మంచమున పడియున్న రోగి ఒక భాషను నేర్వగలిగినప్పుడు, కాలుసేతులాడుచున్న గృహిణి యేల నేర్వజాలదు?

మఱియొక ఆధారము మా పుట్టింటి పెట్టెలో దొరికినది. మా తండ్రిగారు దాచిన పుస్తకములలో కొన్నిటి మొదటి పుటపై “మాస్కో” యని ముద్రణస్థల మున్నది. అవి తెలుగు పుస్తకములు! మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయము, 1982 తరువాత రాదుగ ప్రచురణాలయము, రష్యను కథలను, పిల్లల పుస్తకములను మన భాషలో అచ్చువేసి పంపెడివి. అవి విశాలాంధ్రవారి దుకాణములలో మిక్కిలి చౌకగా దొరకెడివి. సోవియట్ రాజ్యము 1991లో విచ్ఛిన్నమగుటతో ఆ ప్రవాహము నిలిచిపోయినది. రాదుగ యనగా హరివిల్లని మాకు తరువాత తెలిసినది. ఈ యనువాదకులలో ఉప్పల లక్ష్మణరావుగారు పెద్దలు. వృక్షశాస్త్రము చదివిన ఆయన నడివయస్సు దాటిన పిదప మాస్కో చేరి, ఏండ్లకొలది అచ్చటనుండి రష్యను గ్రంథములను తెనిగించెను. ఆయన ఆత్మకథ పేరు “బతుకు పుస్తకం.” మా వయస్సు మించినదని చెప్పువారికి ఆయన పేరు చెప్పి ఊరకుంటిమి.

ఇక నేర్చిన విధము చెప్పెదము.

మొదటిది లిపి. రష్యను అక్షరములు ముప్పదిమూడు. యాబది యాఱు దిద్దిన మనకు ముప్పదిమూడు లెక్కయా? అందు ఆఱేడు ఇంగ్లీషు అక్షరములను పోలి, ఇంచుమించు ఆ ధ్వనులనే పలుకును. మోసము చేయునవి మఱియొక యాఱు: రూపము ఇంగ్లీషుది, పలుకు వేఱు. ‘బి’ వలె నున్నది ‘వ’. ‘హెచ్’ వలె నున్నది ‘న’. ‘పి’ వలె నున్నది ‘ర’. ‘సి’ వలె నున్నది ‘స’. ‘వై’ వలె నున్నది ‘ఉ’. ‘ఎక్స్’ వలె నున్నది గొంతులోని ‘హ’. వీనిని మొదట పట్టుకొన్నచో తక్కినవి తేలిక. మా పెద్దవాడు పుస్తకము చూచి, “అమ్మా, ఇది మా లెక్కలలోని ‘పై’ గదా!” అనెను. నిజమే. ‘ప’కారము గ్రీకుల పై, ‘ఫ’కారము ఫై, ‘గ’కారము గామా. గణితము చదివినవారింట సగము లిపి ముందే యున్నది. వారము దినములలో లిపి ముగించితిమి. పిండి జల్లించునప్పుడు పళ్ళెములోని పిండిమీద వ్రేలితో వ్రాసి చెఱిపివేయుచుంటిమి.

రెండవది ఉచ్చారణము. ఇచ్చట తెలుగువారికి గొప్ప మేలున్నది. రష్యను త, ద, న లు మన దంత్యములే. ఇంగ్లీషు మూలమున నేర్చువారు వానిని ట, డ లుగా పలికి చెడుదురు. నాలుక పలువరుసకు తాకించి “దా” యన్న “ఔను”, “న్యెత్” అన్న “కాదు.” అయితే చాల హల్లులకు పరుషమని, మృదువని రెండు రూపములున్నవి, మృదువైన దానిని పలుకునప్పుడు లోలోపల ‘య’ వినబడును. ఇది మన లిపిలో పూర్తిగా ఇమడదు. మేము మొదటి మాసము ప్రతి మాటను తెలుగులిపిలో వ్రాసికొంటిమి. అది ఊతకఱ్ఱ వంటిది. రెండవ మాసమున పాఱవేయనిచో నడక రాదు.

మఱియొక చిక్కు ఊనికది. రష్యను మాటలో ఏదో యొక అచ్చుమీద బరువు పడును. ఎచ్చట పడునో వ్రాతలో తెలియదు. బరువు లేని ‘ఒ’కారము ‘అ’కారముగ మాఱును. పాలకు వ్రాత “మొలొకొ”, పలుకు “మలకో.” బాగున్నది యనుటకు వ్రాత “హొరొషొ”, పలుకు “హరషో.” కావున కొత్త మాటను కంటితో నేర్వరాదు, చెవితో నేర్వవలయును. ఫోనులో ధ్వనులు వినుటకు నేడు కొదువ లేదు. మేము ఒక చిన్న సంభాషణమును ఇరువది మారులు విని, వెంట పలికి, పిమ్మట మాత్రమే పుస్తకము తెఱచుచుంటిమి.

మూడవది వ్యాకరణము. రష్యను వ్యాకరణము భయంకరమని ఇంగ్లీషు పుస్తకములు బెదరించును. భయము వారిది, మనది కాదు. నామములకు ఆఱు విభక్తులట! శబ్దమంజరి వల్లించినవారికి ఆఱు విభక్తులు తక్కువయే కాని యెక్కువ కావు. సంస్కృతమున ‘సహ’ యోగమున తృతీయ వచ్చును గదా. రష్యనులో ‘తో’ యను నర్థమున ‘స్’ చేర్చినచో తృతీయవంటి విభక్తియే వచ్చును. “చాయ్ స్ మలకోమ్” అనగా పాలతో తేనీరు. ద్వివచనము నేటి రష్యనులో లేదు. కాని రెండు, మూడు, నాలుగు అను సంఖ్యల ప్రక్క నామము బహువచనముగాక మఱియొక రూపమున నిలుచుటకు ఆ ప్రాత ద్వివచనమే మూలము.

మాటల చుట్టరికము ఇంకను ఆశ్చర్యము. ద్వా, త్రి, చితీర్య: రెండు, మూడు, నాలుగు. బ్రాత్ అనగా సోదరుడు, భ్రాత. సిన్ అనగా కుమారుడు, సూనుడు. నేబ అనగా ఆకాశము, నభస్సు. అగోన్య్ అనగా అగ్ని. ఎలుగుబంటి పేరు మిద్వేద్య్. దాని మూలార్థము తేనె తినునది, అనగా మధ్వదము. బాబుష్క యనగా అవ్వ. దానికి ముందు ‘ప్ర’ చేర్చినచో ముత్తవ్వ. పితామహునకు ముందు ‘ప్ర’ చేర్చి ప్రపితామహుడనుట లేదా? ఇది చెప్పగా అత్తగారు మురిసి, “నేను ‘ప్ర’ నటే!” యని పలుమారు చెప్పుకొనెను.

ఇచ్చట నొక హెచ్చరిక. ఈ పోలికలు చూచి రష్యను సంస్కృతమునుండి పుట్టినదని చెప్పువారున్నారు. అది సరికాదు. 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పినట్లు సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి నేడు లేదు. రష్యనుగూడ ఆ కుటుంబములోనిదే. చెల్లెలిని కూతురని పిలువరాదు. మన తెలుగు వేఱు కుటుంబమని 1816లో మద్రాసున ఎల్లిసు దొర చూపెను. అయినను వింత యేమనగా, మాటలు సంస్కృతముతో కలిసినను వాక్యపు నడక చాలచోట్ల తెలుగుతో కలియును. “నేను ఉపాధ్యాయురాలను” అనుటకు రష్యనులోను క్రియ అక్కరలేదు. “నా యొద్ద పుస్తకము ఉన్నది” అని మనమన్నట్లే వారును “ఉ మిన్యా యేస్త్య్ క్నీగ” అందురు. పుస్తకమును ‘కలిగియుందును’ అనరు. “నాకు చలి” యనుటకు “మ్న్యె హోలద్న”, “నాకు వేడి” యనుటకు “మ్న్యె ఝార్క.” వయస్సు చెప్పుటయు “నాకు ఇన్నేండ్లు” అనియే. నీవు, మీరు అను భేదము “తి”, “వి” యని వారికిని కలదు. కావున సోదరీమణులు వాక్యమును ఇంగ్లీషున తలచి రష్యనులోనికి మార్పక, తెలుగున తలచి మార్చుట మేలు. మేము మొదటి రెండు మాసములు ఇంగ్లీషు మీదుగా పోయి వృథాగా శ్రమపడితిమి.

కష్టములు లేవని కాదు. చాల క్రియలకు జంట యున్నది: పని సాగుచుండుట కొకటి, ముగిసిపోవుట కొకటి. “పిసాత్” వ్రాయుచుండుట, “నపిసాత్” వ్రాసివేయుట. మన “వేయు” అను అనుప్రయోగమును తలచిన కొంత బోధపడును. కాలినడకను పోవుట కొక క్రియ, బండిమీద పోవుట కొకటి. రేపల్లెకు రైలులో పోయి “నడచి వచ్చితిమి” అన్నచో నవ్వుదురు.

పుస్తకమునకు ఎక్కువ వెచ్చింప నక్కరలేదు. విజయవాడ లెనిన్ సెంటరులోని పాతపుస్తకముల అంగడిలో మావారు కస్తమారొవ్ సంపాదకత్వమున వెలువడిన “రష్యన్ ఫర్ ఎవ్రిబడీ” యను పుస్తకమును కొని తెచ్చిరి. అట్ట చినిగినది, లోపల పదిలముగా నున్నది. హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున రష్యను బోధింతురు. ఆ యవకాశమున్నవారు అచ్చట చేరవచ్చును. మా వంటివారికి వంటిల్లే విశ్వవిద్యాలయము. తెల్లవారుజామున అరగంట పాఠము. పగలెల్ల దానిని వల్లించుట. ఉప్పు, నీరు, కత్తి, పళ్ళెము చేత పట్టినప్పుడెల్ల దాని పేరు పైకి చెప్పుట. దినమున కైదు వాక్యములకు మించి నేర్వలేదు, నేర్చినవానిని విడువలేదు. పండుగదినములందును, పిల్లలకు జ్వరము వచ్చిన దినములందును ఒక్క వాక్యమైన పలికితిమి. మధ్య మూడు వారములు విసుగుపుట్టి ఇక మానుదమనుకొంటిమి. ఆ వారములలో మమ్ము నిలిపినది పుస్తకము కాదు, ఆదివారమే.

ఏలయన ఆదివారమున మా గురువు కనబడును. నాలుగేండ్ల గురువు! మనకు సాయంకాలము ఏడు గంటలైనప్పుడు అచ్చట నాలుగున్నర. పిల్ల నిదురలేచి ఆటకు సిద్ధముగా నుండు సమయము. మేము బొమ్మను చూపి “ఇదేమి?” యని అడుగుదుము. ఆమె చెప్పును. మేము తప్పు పలికినచో నిర్దాక్షిణ్యముగా దిద్దును. పెద్దలు మర్యాదకై మన తప్పులను పోనిత్తురు, పిల్లలు పోనీయరు. ఒకనాడు “నేను వచ్చితిని” యనుటకు “యా ప్రిషోల్” అంటిమి. పిల్ల కడుపుబ్బ నవ్వెను. కారణమేమన, రష్యనులో భూతకాలక్రియ “నేను” అన్నప్పుడును లింగమును తెలుపును. పురుషుడు “ప్రిషోల్” అనవలెను, స్త్రీ “ప్రిష్లా” అనవలెను. మేము విని నేర్చిన పాఠము పురుషుని గొంతు. ఆఱు మాసములు మేము మీసములున్నవాని వలె మాటలాడుచుంటిమన్నమాట! స్త్రీలు స్త్రీల గొంతులు విని నేర్చుట మంచిదని చదువరులు గ్రహింతురు గాక.

త్వేరు నగరమును గూర్చి విచారింపగా మాకొక సంగతి తెలిసినది. ఆ యూరి వర్తకుడు అఫనాసీ నికీతిన్ అనువాడు 1470 ప్రాంతమున మూడు సముద్రములు దాటి వచ్చి, బహమనీ సుల్తానుల రాజధాని బీదరులో నివసించి, తాను చూచినది వ్రాసిపెట్టెను. వాస్కో డ గామా 1498లో కళ్ళికోట చేరుటకు దాదాపు ముప్పదియేండ్లు ముందటి మాట యిది. దారిలో చెవిని పడిన తురుష్క, పారసీక పదములను రష్యనుతో కలిపి వ్రాసెను. అతనికి పుస్తకము లేదు, బజారే బడి. మన భాషను నేర్చిన రష్యనులును కలరు. పెత్రునిచెవా, గూరవ్ మొదలగు పండితుల కృషిచే 1972లో మాస్కోనుండి తెలుగు–రష్యను నిఘంటువు వెలువడినది. వారు మన యింటి తలుపు తట్టగా మనము పలుకకుండుట మర్యాద కాదు గదా.

సంక్రాంతి వచ్చినది. బావగారి కుమారుడు భార్యాబిడ్డలతో తన తల్లిదండ్రుల యింట దిగెను. ఆ యిల్లు కాలువ కావలిగట్టున. పండుగపనులలో మునిగి మేము వెంటనే పోలేకపోతిమి. మూడవనాడు మా తోడికోడలు, మాకు అక్కగారు, తానే వచ్చి ముఖము ముడుచుకొని కూర్చుండెను.

“పిల్ల గదిలోనుండి రాదు. పిలిచిన తినదు. వచ్చినప్పుడు వంటింటి గడపమీద నిలుచుండి ‘మోజు, మోజు’ అనును. మోజుపడి మావానిని చేసికొన్నది సరే, ఇంటికి వచ్చియు నామీద నీ యెత్తిపొడు పేమి? వానిని అడుగుదమన్న స్నేహితుల యిండ్లకు తిరుగుచున్నాడు” అనెను.

మేము లేచి ఆమెవెంట పోతిమి. కోడలుపిల్ల కిటికీ ప్రక్క కూర్చుండి యుండెను. మాకది చలికాలము, మంచులోనుండి వచ్చిన ఆమెకు గ్రీష్మము. పది మాసములు వల్లించిన వాక్యములన్నియు ఆ క్షణమున మఱచిపోతిమి. తుదకు, “ఎట్లున్నారు?” అని మాత్రము అడుగగలిగితిమి. ఆమె తలయెత్తి చూచి, మెల్లగా, “యా ఉస్తాల” అనెను. అలసితిని. అంతటితో కన్నుల నీరు తిరిగినది. పిమ్మట మాటలు వడివడిగ వచ్చినవి. సగము మాకు తెలియలేదు. తెలిసిన సగము చాలినది. వంటింటిలోనికి పోవచ్చునో లేదో ఆమెకు తెలియదు. అచ్చట కొన్ని పద్ధతులుండునని భర్త చెప్పియుండెను. కావున గడప దాటక నిలిచి, మూడుదినములుగ ఒకే మాట అడిగినది: “మోజ్న? మోజ్న పమోచ్?”

“మోజ్న” యనగా “వచ్చునా? చేయవచ్చునా?” యని అనుమతి వేడుట. “మోజ్న పమోచ్” అనగా “సాయము చేయవచ్చునా?” యని. అత్తవారింట కోడలు అడుగదగిన మాటలలో ఇంతకంటె వినయమైన మాట ఏది? అది మా అక్కగారి చెవిలో మోజై, ఎత్తిపొడుపై కూర్చున్నది.

మేము అర్థము చెప్పగా అక్కగారు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “మూడునాళ్ళు గడపలో నిలువబెట్టితినా?” అని మాత్రమనెను. అత్తకు రష్యనులో “స్విక్రోఫ్య్” అందురనియు, అది మన “శ్వశ్రూ” శబ్దమునకు చుట్టమనియు, కోడలికి “స్నహా” యను మాట “స్నుషా” శబ్దమునకు చుట్టమనియు మేము ఆమెకు చెప్పితిమి. ఆ రెండు మాటలు వేల యేండ్లు వేఱువేఱు దేశములు తిరిగి, మా అక్కగారి వంటింటి గడపకడ మఱల కలిసికొన్నవని మాకు తోచినది. కాని అప్పుడు పాండిత్యము చూపు సమయము కాదని ఊరకుంటిమి.

మఱునాటి ఉదయము జరిగినది మేము కన్నులార చూచితిమి. అక్కగారు కాఫీ గ్లాసు కొంగుతో పట్టుకొని కోడలి గది వాకిట నిలిచెను. తలుపు వేసియున్నది. ఒకమారు మావంక చూచి, గొంతు సవరించుకొని, “మోజ్న?” అనెను. లోపలనుండి ఒక క్షణము నిశ్శబ్దము. పిమ్మట, “కనేష్న! కనేష్న!” యనుచు ఆ పిల్ల పరుగున వచ్చి తలుపు తీసెను. కనేష్న యనగా “తప్పక.” ఆ దినమున కోడలు వంటింట కూర్చుండి గారెలకు పప్పు రుబ్బినది. గారె మధ్య చిల్లి యేలయని ఆమె అడుగగా, దానికి తగిన రష్యను మాటలు మాకు లేకపోయెను. కొన్నిటిని చేతితో చూపవలసినదే.

అత్తగారి సంగతి చెప్పక ముగింపరాదు. ముత్తవ్వయు మునిమనుమరాలును తొమ్మిది దినములు ఒకే మంచముమీద నిదురించిరి. మొదటి రెండుదినములు మేము నడుమ కూర్చుండి దుబాసీపని చేసితిమి. మూడవనాటినుండి వారికి మేమక్కరలేకపోయితిమి. ఆ పిల్ల “బువ్వ” నేర్చినది. అత్తగారు “ఇదీ స్యుదా” నేర్చెను. దాని యర్థము “ఇటు రా” యని. నేటికిని ఆదివారమున తెరమీద ఆ పిల్ల కనబడగానే, “ప్రబాబుష్క దోమా?” యని అడుగును. అత్తగారు లోపలినుండియే, “దోమ, దోమ!” యని బదులు పలుకును. క్రొత్తగా వినినవారు దోమలమందు తెచ్చుటకు లేతురు.

మేము రష్యను పండితులము కాలేదు. వార్తాపత్రిక చదువలేము; వారు వేగముగ మాటలాడినచో సగము జాఱిపోవును. తప్పులు దినమునకు పది చేయుదుము. అయినను ఇంటనుండి భాష నేర్వదలచిన సోదరీమణులకు మా యనుభవమునుండి ఇంతమాత్రము చెప్పగలము. చెవిని ముందు నడిపింపుడు, కంటిని వెనుక నడిపింపుడు. తెలుగున తలచి మార్చుడు. మాటలాడుటకు ఒక నిజమైన మనిషిని వెదకికొనుడు. పసిపిల్ల యైన మఱియు మంచిది. పరీక్షకై కాక, ఎవరితోనైన మాటలాడవలెనను కోరికతో నేర్వుడు. అన్నిటికంటె ముందు, ఏ భాష నేర్చినను, అలసినవారు “అలసితిని” యనుటకును, గడపలో నిలిచినవారు “రావచ్చునా” యనుటకును ఏ మాట వాడుదురో మొదటి వారముననే నేర్చికొనుడు. మా పుస్తకమున “మోజ్న” చాల వెనుకటి పాఠమున నున్నది. మేము దానిని మొదటి పుటపై ఎఱ్ఱసిరాతో వ్రాసి పెట్టితిమి. ఇప్పుడా పుస్తకము మా యింట లేదు, అక్కగారు తీసికొనిపోయినది.